గొంగళికి కత్తెర ఎందుకు పడలేదు?

నైలాన్‌తో ఇంట్లోనే వానకోటో గుడారమో కుట్టుకోబోయేవాళ్లను మొదట ఏడిపించేది దాని జారుడు. పై పొర ఒక దారి, కింది పొర ఇంకో దారి పడతాయి. గుండుసూదితో ఆపుదామంటే, పూత పూసిన గుడ్డలో ఆ చిల్లు మళ్లీ పూడదు. అందుకే క్లిప్పులు పెట్టి, సన్న సూదితో, పాలిస్టర్ దారంతో కుట్టి, చివరికి కుట్టు వెంట జిగురు పూస్తారు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే చేయి తిరిగినవాళ్లకైనా ఇది కొత్త పనే. జీన్స్ గుడ్డ మిషన్ పళ్లకు పట్టు దొరకనిస్తుంది, ఇది దొరకనివ్వదు. 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో కరోదర్స్ బృందం చేతుల్లో పుట్టిన నైలాన్, రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్లయి, తర్వాత గుడారాల్లోకి వచ్చింది. నూలు కాన్వాసు నానితే ఉబ్బి సూది చిల్లును కొంత పూడ్చుకునేది. నైలాన్‌కు ఆ గుణం లేదు. నీరు గుడ్డను వదిలి కుట్టును వెతుక్కుంటుంది.

కుట్టే నీటికి దారిస్తుందని తెలిశాక, లేపాక్షి వైపు గొర్రెలు కాసే కురుబలు కోయకుండా, కుట్టకుండా కప్పుకునే ఉన్ని గొంగళిని చూడాలి. కుట్టుపని రాని కాలం మిగిల్చిన వస్తువని దాన్ని తేల్చేయడం సులువు. ఆ మాటకు జవాబు లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీదే ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ గుడి చిత్రాల్లో కొలువువాళ్లు పొడుగు కబాయిలు (అంగీలు), నిలువు కుళ్లాయిలు (టోపీలు) తొడిగి నిలబడ్డారు. రెండూ కత్తిరించి కుట్టినవే. కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చిందని అంతకు ముందు శతాబ్దంలోనే శ్రీనాథుడు వాపోయినట్టు ఒక చాటువు చెబుతుంది. దర్జీ పని ఈ నేలకు తెలుసు. అయినా గొర్రెలకాపరి ఆ దారి పట్టలేదు. దక్కని నల్లగొర్రె ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేసిన గొంగళి జారదు; ఉన్ని పోగుల మీది సన్నని పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తడిసి నలిగేకొద్దీ నేత బిగుస్తుంది. మూల మడిచి తలకు ముసుగేస్తే బొత్తాం లేకుండానే నిలుస్తుంది. అదే పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి, కర్రల మీద కడితే నీడ. కోసి కుట్టి ఉంటే వీటిలో ఒక్కటే మిగిలేది.

సన్నమగ్గం పట్టీలను జతచేసి కుట్టే చోట్లూ ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, కానీ అది వెడల్పు కోసం వేసే అతుకు, ఒంటి కొలతకు వేసే కుట్టు కాదు. బరువు సంగతి మాత్రం గట్టి అభ్యంతరమే. నానిన గొంగళి మోయడం తేలిక కాదు. వాన వదలని కర్ణాటక మలెనాడులో నైలానే గెలుస్తుంది. ఇక్కడ, లేపాక్షి వైపు, ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ విడివిడి జల్లులుగా. తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చినా తడి తెలియనివ్వని ఉన్నికి ఆ జల్లులు లెక్కలోవి కావు. గొంగళిని వెనక్కి నెట్టింది నైలాన్ కోటు కాదు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో పెరిగాయి, ఉన్నికి ధర పడిపోయింది. ఇప్పుడు జల్లు పడితే కాపరి యూరియా సంచి ఒక మూలను రెండో మూలలోకి దోపి నెత్తిన వేసుకుంటాడు. దానికీ అతను సూది తగిలించడు.