రోజుకో అధ్యాయం

విశాఖపట్నం హార్బరు దగ్గర నిలబడి చూస్తే మూడు చిన్న కొండలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని మీద రాస్ హిల్ మేరీమాత కోవెల, ఒకదాని మీద దర్గా, మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. పైనున్నవారికి పేచీలొచ్చినట్టు ఎన్నడూ వినలేదు. కింద వన్‌టౌన్ సందుల్లో కాపురాలుండే మా బోటివాళ్ళకే అప్పుడప్పుడు మాటా మాటా వస్తూంటుంది. ఈ వ్యాసం కూడా అలాంటి ఒక మాట దగ్గరే పుట్టింది.

నేను కాలేజీలో చదువుకునే రోజులవి. 1970ల నడిమి కాలం. మా స్నేహితుడి తండ్రి పోర్టులో కళాసీ. మేమంతా ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్ళం. తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరేముందు గుమ్మంలో చాప వేసుక్కూచుని, అట్ట ఊడిపోయిన బైబిలొకటి ఒళ్ళో పెట్టుకొని, వేలు కింద పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఒక అధ్యాయం చదివేవాడు. ఆయన బళ్ళో చదివినవాడు కాడు. పెళ్ళయ్యాక, చర్చిలో రాత్రిపూట పెద్దవాళ్ళకు చెప్పే చదువులో, ఆ పుస్తకం మీదనే అక్షరాలు దిద్దుకున్నాడట.

మా ఇంట్లో అమ్మమ్మ సుందరకాండ పారాయణం చేసేది. అరవై ఎనిమిది సర్గలూ ముగించిన రోజున పరవాన్నం. ఆ లెక్కన ఈ బైబిలెంత, ఒక చూపు చూద్దామని నాకూ పట్టుదల పుట్టింది. లెక్కల విద్యార్థిని గనక కాగితం మీద లెక్క వేశాను. అరవై ఆరు పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారాలు అయిదు చొప్పున చదివితే ఏడాదికి సరిపోతుంది. అలాగే చదివాను. సరిగ్గా ఏడాదికి ముగించి, ఆ సంగతి చెప్పడానికి తాత దగ్గరకు వెళ్ళాను.

"మొత్తం సదివేసినావా?" అన్నాడు తాత, నిజంగానే ఆశ్చర్యపోయి.

"మొత్తం. ఒక్క అధ్యాయం వదల్లేదు," అన్నాను.

"మంచిదే బాబూ. మరి నిన్న రాత్రి మీ నాన్న మీద అరిసినావంట గదా, ఈదంతా ఇన్నాది. అదేటి?"

నాకు జవాబు దొరకలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ కోపం దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది. దిగిన తరవాత, తాత ఒళ్ళోని ఆ పుస్తకం తెలుగులోకి ఎలా వచ్చిందో తెలుసుకుందామన్న బుద్ధి పుట్టింది. వెతుక్కుంటూ పోతే దారి తిరిగి తిరిగి మా ఊరికే వచ్చింది.

అంతకు ముందు కూడా ఒకాయన ప్రయత్నించాడు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1720ల చివరా 1730ల మొదట్లోనూ మద్రాసులో కూచుని బైబిలును తెనిగించాడు. అదంతా రాతప్రతిగానే ఉండిపోయింది. ఆయన రాసిన చిన్న చిన్న తెలుగు పుస్తకాలు మాత్రం 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. తెలుగు అక్షరం మొదటిసారి అచ్చులో కనిపించిన పుస్తకాలవి. చిన్నవి అచ్చయ్యాయి, పెద్దది పెట్టెలో ఉండిపోయింది. మనుషుల పనులు చాలావరకు అంతే కదా!

1804 డిసెంబరులో లండన్ మిషన్ వారు పంపిన ముగ్గురు తరంగంబాడి రేవులో దిగారు. వారిలో ఒకాయన తిరువాన్కూరు వైపు వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరూ, జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజెస్ అనేవారు, 1805లో విశాఖపట్నం చేరారు. అప్పటికి ఇక్కడ ఈనాటి పోర్టూ లేదు, ఉక్కు కర్మాగారమూ లేదు. పోర్టుకు మొదటి ఓడ రావడానికి ఇంకా నూట ఇరవై ఎనిమిదేళ్ళు ఉంది. ఇద్దరికీ తెలుగు రాదు. బడి పెట్టారు, భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ సమయంలోనే వారిదగ్గరికి ఆనందరాయరు వచ్చాడు.

ఈ ఆనందరాయరు కథ మిషనరీల ఉత్తరాల్లో ఉంది. క్లాడియస్ బుకానన్ 1811లో వేసిన పుస్తకంలోకీ ఎక్కింది. ముప్పై ఏళ్ళ బ్రాహ్మడు. టిప్పు సుల్తాను సైన్యంలో ఒక పటాలానికి లెక్కలు రాసేవాడు. టిప్పు పోయాక ఒక ఇంగ్లీషు దొర దగ్గర అదే పని. మోక్షం మీద తపన పుట్టింది. ఒక పెద్దాయన ఫలానా మంత్రం నాలుగు లక్షల సార్లు జపించమన్నాడు. గుడిలో కూచుని జపించాడు. ఊరికే జపించడం కాదు, చెప్పిన లెక్క కంటే కొంచెం ఎక్కువే అయ్యేట్టు జాగ్రత్త పడ్డాడట! లెక్కలు రాసేవాడు కదా, ఎక్కడ తక్కువ పడుతుందోనన్న భయం. ఆరు నెలలు గడిచాయి. లెక్క పూర్తయింది గాని మనసు కుదుటపడలేదు. నొస్సంలో ఉన్న ఇంటికి తిరిగి వస్తూంటే దారిలో ఒక క్యాథలిక్ కలిసి, మాటా మాటా కలిపి, తెలుగులో ఉన్న రెండు క్రైస్తవ పుస్తకాలు చేతిలో పెట్టాడు. అక్కణ్ణించి ఆయన దారి మళ్ళింది. చివరకు తరంగంబాడి చేరి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఈ కథ చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గు వేసింది. జపంలో తప్పులేదు. మా అమ్మమ్మ జపమాల తిప్పుతూంటే ఆమె మొహంలో కనిపించిన శాంతి నాకింకా గుర్తే. చిక్కంతా లెక్కలో ఉంది. రాయరు నాలుగు లక్షలు లెక్కపెట్టాడు, నేను 1,189 లెక్కపెట్టాను. ఆయన లెక్క పూర్తయ్యాక కూడా ఏదో తక్కువైందని గ్రహించాడు. నేను గ్రహించలేదు, వీధిలోకి వెళ్ళి చాటుకున్నాను. అంతే తేడా.

తరవాత విశాఖపట్నంలో పని సాగింది. రాయరుకు తమిళం బాగా వచ్చు. తమిళ బైబిలు ముందు పెట్టుకొని ఒక్కొక్క వచనాన్నే తెలుగు చేసేవాడు. దేగ్రాంజెస్ దాన్ని సరిచూసేవాడు. ఒకరికి మూలం తెలుసు గాని తెలుగు చాలదు, ఇంకొకరికి తెలుగు తెలుసు గాని మూలం చాలదు. ఇద్దరూ ఒకరి ముందు ఒకరు తగ్గితే తప్ప ఆ పని ఒక్క అడుగు ముందుకు పడదు. 1809లో క్రాన్ చనిపోయాడు. 1810లో దేగ్రాంజెస్ కూడా పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ ముద్రాక్షరశాలలో అచ్చయ్యాయి. మొదలుపెట్టిన దొరలిద్దరిలో ఒక్కరూ ఆ అచ్చు చూడలేదు.

అదే 1812 మార్చి 11న ఆ ముద్రాక్షరశాల తగలబడింది. ఎన్నో భాషల అక్షరాలు కరిగి ముద్దయ్యాయి, రాతప్రతులు బూడిదయ్యాయి. అక్కడివాళ్ళు కరిగిన సీసాన్నే ఏరుకొని మళ్ళీ అక్షరాలు పోత పోసుకున్నారు. విశాఖపట్నంలో ఎడ్వర్డ్ ప్రిచెట్ పని అందుకున్నాడు. 1818లో కొత్త నిబంధన మొత్తం తెలుగులో వచ్చింది. ప్రిచెట్ 1820లో పోయాడు. పాత నిబంధన కూడా కలిపి సంపూర్ణ బైబిలు చేతికి రావడానికి 1850ల దాకా పట్టింది. 1840లో మా ఊరొచ్చిన జాన్ హే దాదాపు అర్ధశతాబ్దం ఈ తెలుగును దిద్దుతూనే ఉండి 1891లో కన్నుమూశాడు. ఆలోచించి చూడండి, ఒక్క పుస్తకం కోసం రెండు మూడు తరాల మనుషులు!

ఇంత చేసినా ఆ మొదటి ముప్పై ఏళ్ళలో వారి మాట విని చేరినవారు బహు కొద్దిమంది. లెక్కలు చూసి ప్రాణం నిలుపుకునేవాడైతే పదేళ్ళకే మూటా ముల్లే సర్దుకొని ఓడెక్కి ఉండేవాడు. ఈ ఉత్తరాది గడ్డ మీదే చౌధరి పురుషోత్తం వంటి కవి పుట్టాడు. 1833లో బాప్తిస్మం తీసుకొని, 1890లో పోయేదాకా పాటలు కట్టాడు. చదవడం రాని తల్లులు సైతం ఆయన కీర్తనలు నోటికి పట్టి, పుస్తకంలోని సంగతులు పిల్లలకు చెప్పగలిగారు.

ఇక రోజూ చదవడమనే పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. స్కాట్లండులో మషేన్ అనే పాదిరి 1842లో తన సంఘం కోసం ఒక పట్టిక తయారు చేశాడు. రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. 1879లో ఇంగ్లండులో స్క్రిప్చర్ యూనియన్ పిల్లల కోసం రోజువారీ భాగాల కార్డు వేసింది. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు గనక వారానికి అయిదు చదివితే ఏడాదికి సరి. సామెతలు ముప్పై ఒక్క అధ్యాయాలు గనక నెలకు సరి. పట్టికలు మంచివే. చిక్కేమిటంటే, మషేన్ తన పట్టికతోపాటే దాని ప్రమాదాన్నీ రాసిపెట్టాడు. చదవడం ఒక మొక్కుబడి అయిపోవచ్చు, వంతు ముగించాం కదా అని మనిషికి తృప్తి పుట్టవచ్చు అని. మందు సీసా మీద హెచ్చరిక లాగన్నమాట. మనం మందు తాగుతాం, హెచ్చరిక చదవం.

లూకా సువార్తలో గుడికి వెళ్ళిన ఇద్దరి కథ ఉంది. ఒకాయన దేవుడికి తన ఉపవాసాల సంఖ్య, దశమభాగాల సంఖ్య అప్పజెప్పాడు. రెండోవాడు సుంకం వసూలు చేసేవాడు, దూరంగా నిలబడి తల ఎత్తలేకపోయాడు. ఇంటికి మంచివాడై వెళ్ళింది రెండోవాడు. నా ఏడాది చదువులో ఆ కథ కూడా వచ్చే ఉంటుంది. ఆ రోజు వంతు అధ్యాయాల్లో గబగబా దాటేసి ఉంటాను.

తాతకు పట్టిక లేదు. రేవులో పని ఒక వేళా పాళా ఉన్నది కాదు. ఓడ వస్తే పగలూ రాత్రీ తేడా లేదు. తరవాత ఊరికి ఆవల ఉక్కు కర్మాగారం లేచి, 1992లో జాతికి అంకితమయ్యాక, ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అంటూ ఊరి సగం జనం అదే బతుకులో పడ్డారు. అలాంటి బతుకులో రోజుకో అధ్యాయం నిలబెట్టుకోవడం తేలిక కాదు. బాగా అలిసిపోయిన రోజున తాత నూట పదిహేడో కీర్తన తీసేవాడు. రెండే వచనాలు. "దేవుడికి తెలుసు బాబూ, ఇయ్యాల డబల్ డ్యూటీ అని," అనేవాడు. నూట పంతొమ్మిదో కీర్తన నూట డెబ్భై ఆరు వచనాలు. అది సెలవు రోజుకు.

ఒకసారి ఆయన దినవృత్తాంతముల మొదటి గ్రంథం చదువుతూండగా వెళ్ళాను. మొదటి తొమ్మిది అధ్యాయాలూ దాదాపు పేర్లే. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడన్న వరసే. నేనైతే వాటిమీద కన్ను అలా ఆనించి దాటేశాను, "చదివాను" అని గీత మాత్రం పెట్టుకున్నాను. తాత ఒక్కొక్క పేరూ వేలు పెట్టి, తప్పుతూ, మళ్ళీ సరిదిద్దుకుంటూ చదువుతున్నాడు.

"ఎందుకు తాతా, ఉత్త పేర్లే కదా?" అన్నాను.

"ఎవులో ఒకలు సదవాలి గదా బాబూ. ఆళ్ళూ మనుసులే," అన్నాడు.

ఆనందరాయరు పేరు చదివిన రోజున నాకు గుర్తొచ్చింది ఆ మాటే. తెలుగు బైబిలు చేత పట్టుకున్న ఎంతమందికి ఆయన పేరు తెలుసు? తాతకూ తెలియదు. తెలిసుంటే ఆ పేరు మీదా వేలు పెట్టి నిదానంగా చదివేవాడు.

తాత పోయి చాలా కాలమయింది. ఆ రోజు మా నాన్న మీద ఎందుకు అరిచానో కూడా నాకిప్పుడు గుర్తులేదు. నాన్నా లేరు. పొద్దున్నే ఏదో ఒక మంచి పుస్తకంలో ఒక అధ్యాయం చదువుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎన్ని చదివానో రాసుకోవడం మానేశాను. చదివాక పుస్తకం మూసి, నిన్న ఇంట్లో ఎవరి మీద గొంతు లేచిందో ఒకసారి గుర్తు చేసుకుంటాను. చాలా రోజుల్లో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళడమే కొంచెం కష్టం.