దన్నానపేట బండను లాగినవాళ్లు

మా శ్రీకాకుళం జిల్లాలో పాతవేమిటని అడిగితే శ్రీముఖలింగం, శాలిహుండం అని చెబుతారు. వాటికి రాజులున్నారు, శాసనాలున్నాయి. ఆమదాలవలస పక్కనున్న దన్నానపేట పేరు ఎవరి నోటా రాదు. అక్కడున్నది ఒట్టి వల్లకాడు మరి. పనిగట్టుకుని వల్లకాటికి ఎవరెళ్తారు?

కానీ అక్కడి సమాధి మీదున్న కప్పుబండ కొలతలు వినండి. పొడవు 36 అడుగులు, వెడల్పు 14, మందం 2 అడుగులు. ఒకే రాయి. అంతటా అదే మందం అనుకుంటే సుమారు వెయ్యి ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 75 కిలోలేసుకున్నా మొత్తం 75 టన్నులు. ఇనుప యుగంనాటి బృహత్‌శిలా సమాధి అనీ, క్రీ.పూ. 500 ప్రాంతందనీ పురావస్తువాళ్ల అంచనా. రాక్షసులు ఎత్తారని కథ చెప్పుకుంటే పని తేలికైపోతుంది. మనుషులే ఎత్తారంటేనే చిక్కు. ఎంతమంది లాగారు? పొలం పని మానుకుని ఎందుకొచ్చారు? అంతమందికి కూడెవరు వండారు? చావు కోసం ఇంతమంది కూడారంటే అప్పటికే ఇక్కడొక కట్టుబాటున్న ఊరుందన్నమాట. నా దృష్టిలో మా ప్రాంతపు మొదటి శాసనం ఆ బండే.

ఈ ప్రశ్నలకు జవాబు తవ్వకాల్లో దొరకదు, సీతంపేట కొండల్లో దొరుకుతుంది. అక్కడి సవర గిరిజనులు చనిపోయినవాళ్లను దహనం చేశాక, వీలు చూసుకుని 'గుఆర్' చేస్తారు. పోయినవాళ్ల పేరున ఒక్కో రాయి నిలువునా పాతుతారు. ఒక బిరింద, అంటే ఒక వంశంవాళ్ల రాళ్లన్నీ ఒక్కచోటే. చుట్టాలు బియ్యం తెస్తారు, దున్నపోతులను తోలుకొస్తారు. బలి మాంసంలో ఎవరి వాటా వాళ్లకు ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి పోయినవాళ్లందరికీ కలిపి 'కర్జ' పండగ. లాగే చేతులూ పెట్టే కూడూ ఎక్కణ్ణుంచి వస్తాయో ఇక్కడ తెలుస్తుంది: బాకీ లెక్కలోంచి. ఈరోజు నువ్వు మా ఇంటి రాయికి వస్తే రేపు నేను మీ ఇంటి రాయికి రావాలి.

ఈ సవరల గురించి వివరంగా రాసిన తెలుగువాడు మన గిడుగు రామమూర్తి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ వాళ్ల భాష నేర్చుకున్నాడు. 1909లో బ్రిటిష్ అధికారి థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో సవరల భాగానికి ఆయన రాసిచ్చిన సంగతులు వాడుకున్నారు. 1919లో శాలిహుండాన్ని లోకానికి చూపించిందీ ఆయనే. మనం మాత్రం వ్యావహారిక భాష దగ్గరే ఆగిపోయి ఆయన్ని సగమే గుర్తుపెట్టుకున్నాం.

దన్నానపేట బండ ఎత్తినవాళ్లు సవరల పూర్వీకులని నేననను. మధ్యలో రెండున్నర వేల ఏళ్లున్నాయి. అంత దూరానికి వంశవృక్షం గీసేవాళ్లంటే నాకు అనుమానం. పనెలా జరిగి ఉంటుందో ఊహించడానికి మాత్రం ఇంతకన్నా దగ్గరి ఆధారం లేదు.

ఆ ఆధారమూ తగ్గిపోతోంది. దున్నపోతు ఖరీదు పెరిగింది. క్రైస్తవం పుచ్చుకున్న సవరలు పూడ్చిపెట్టి శిలువ నిలబెడుతున్నారు, రాళ్లు పాతడం లేదు. వాళ్ల నమ్మకం వాళ్లది. 2022 ఏప్రిల్‌లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది, దన్నానపేట శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. ఇప్పుడు బండ గురించి ఒక కలెక్టరాఫీసులో, రాళ్లు పాతే తీరు తెలిసిన ముసలివాళ్ల గురించి ఇంకో కలెక్టరాఫీసులో అడగాలి.