ఒక్క యూనిట్ దాటితే వెయ్యి రూపాయల భారం... ఇంట్లో కరెంటు ఎక్కడ పోతోంది?

హన్మకొండ: వేసవి వచ్చిందంటే విద్యుత్తు కార్యాలయాల వద్ద ఒకే మాట పదేపదే వినిపిస్తుంది. ‘ఎప్పటిలాగే వాడాం, బిల్లు మాత్రం పెరిగింది’ అన్నదే ఆ మాట. మీటరు తప్పు తిరుగుతోందని కొందరు, రీడింగులో పొరపాటు జరిగిందని మరికొందరు అనుమానిస్తారు. ఈ అనుమానాల్లో అప్పుడప్పుడు నిజం లేకపోలేదు. అయితే చాలా సందర్భాల్లో కారణం ఇంటి లోపలే ఉంటుంది. అదీ రోజూ స్విచ్ వేసి ఆపే పరికరాల్లో కాదు, ఎవరి దృష్టికీ రాకుండా రాత్రింబవళ్లు నడిచేవాటిలో.

తెలంగాణలో ఈ కారణాన్ని వెతికి పట్టుకోవలసిన అవసరం మరింత ఎక్కువ. 2022-23 టారిఫ్ ఉత్తర్వు నిర్ణయించిన శ్లాబుల ప్రకారం, నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడిన ఇంటికి తొలి 100 యూనిట్లకు రూ.3.40, తర్వాతి 100 యూనిట్లకు రూ.4.80 చొప్పున లెక్క కడతారు. సరిగ్గా 200 యూనిట్లు వాడితే విద్యుత్తు ఛార్జీ రూ.820 అవుతుంది. ఒక్క యూనిట్ పెరిగినా ఆ కుటుంబం పై విభాగంలోకి వెళుతుంది. అక్కడ మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది, 201వ యూనిట్‌కు రూ.7.70 కట్టాలి. మొత్తం రూ.1,027.70 అవుతుంది. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70. వంద యూనిట్ల వద్దా ఇలాంటి గీతే ఉంది. వంద యూనిట్లకు రూ.252.50 అయ్యే ఛార్జీ, 101 యూనిట్లకు రూ.344.80 అవుతుంది. స్థిర ఛార్జీ, సుంకం వంటివి వీటికి అదనం.

గృహజ్యోతి లబ్ధిదారుల విషయంలో ఈ గీత ఇంకా కఠినమైనది. 2024 మార్చి నుంచి అమలైన ఈ పథకంలో అర్హత గల కుటుంబాలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. ఆ నెలలో 200 దాటితే మొత్తం బిల్లు కట్టవలసిందే. ఏమీ చెల్లించనవసరం లేని ఇంటికి ఒక్క యూనిట్ తేడాతో వెయ్యి రూపాయలకు పైగా బిల్లు వస్తుందన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 ఉత్తర్వుతో వచ్చిన పద్ధతి వేరు. అక్కడ గృహ వినియోగదారులందరినీ ఒకే విభాగంలో చేర్చారు. శ్లాబు దాటినా పెరిగిన యూనిట్లకే హెచ్చు ధర పడుతుంది, కింది యూనిట్ల ధర మారదు. అయినా 225 యూనిట్లు దాటాక రూ.8.75, 400 దాటాక రూ.9.75 అన్న ధరలు తేలికైనవేమీ కావు.

ముందు బిల్లు, తర్వాత మీటరు

వెతుకులాట బిల్లుతోనే మొదలు కావాలి. గత నెల రీడింగు, ఈ నెల రీడింగు, ఆ రెండు తేదీలు బిల్లుపై ఉంటాయి. ముద్రించిన అంకె మీటరులో కనిపించే అంకెతో పొసగుతోందా అన్నది తొలుత చూడాలి. తర్వాత రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కించి, మొత్తం యూనిట్లను ఆ రోజులతో భాగించాలి. నెల మొత్తాలను పోల్చడం కంటే రోజు సగటును పోల్చడమే సరైన పద్ధతి, ఎందుకంటే ఒక నెల 28 రోజులకు, మరో నెల 33 రోజులకు రీడింగు తీస్తే మొత్తాలు మోసం చేస్తాయి. 200 యూనిట్లకు లోబడి ఉండాలంటే 30 రోజుల నెలలో రోజుకు సుమారు 6.6 యూనిట్లు మించకూడదు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, నెలాఖరు దాకా ఆగకుండా వారానికోసారి మీటరు చూసి జాగ్రత్త పడవచ్చు.

ఎలక్ట్రానిక్ మీటరుపై ఎర్రటి చిన్న దీపం మెరుస్తూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు ముఖంపైనే ముద్రించి ఉంటుంది. చాలా మీటర్లలో ఆ సంఖ్య 3200. ఇంట్లో ఒక పరికరాన్ని మాత్రమే నడిపించి, నిమిషంలో ఎన్ని మెరుపులు వచ్చాయో లెక్కించి, దాన్ని 60తో గుణించి 3200తో భాగిస్తే అది గంటకు ఎన్ని యూనిట్లు తీసుకుంటుందో తెలుస్తుంది. నిమిషానికి 16 మెరుపులు వస్తే 0.3 యూనిట్, అంటే 300 వాట్లు. గడియారం, కాగితం తప్ప ఈ పరీక్షకు మరే సాధనమూ అక్కర్లేదు.

అన్నిటికంటే తేలికైన పరీక్ష మరొకటి ఉంది. దసరాకో పెళ్లికో ఊరికి వెళ్లేటప్పుడు తాళం వేసే ముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి రీడింగు రాసుకోవాలి. తాళం వేసిన ఇంట్లో రోజుకు రెండు యూనిట్లు తిరిగాయంటే నెలకు 60 యూనిట్లు ఎవరూ వాడకుండానే ఖర్చవుతున్నట్లు లెక్క. ఫ్రిజ్, ఇన్వర్టరు, సెట్‌టాప్ బాక్సు, వైఫై పెట్టె కలిసి చేసే పని ఇది. పది వాట్లు తీసుకునే సెట్‌టాప్ బాక్సును రిమోట్‌తో మాత్రమే ఆపి వదిలేస్తే నెలకు 7 యూనిట్లు అవుతాయి. టీవీ చూడని వేళల్లో గోడ స్విచ్ కట్టేస్తే అవి మిగులుతాయి.

నేలలోకి పోయే కరెంటు

ఇంట్లోని స్విచ్‌లన్నీ కట్టేసి, ఫ్రిజ్, ఇన్వర్టరు ప్లగ్గులు తీసేసిన తర్వాతా మీటరు దీపం మెరుస్తూనే ఉంటే వెంటనే శ్రద్ధ పెట్టాలి. ఎక్కడో లీకేజీ ఉంది, లేదా వేరొకరి వైరు ఈ మీటరుకు కలిసి ఉంది. చెమ్మెక్కిన గోడలోని పాత వైరు, బోరుబావిలో దిగిన సబ్‌మెర్సిబుల్ మోటారు కేబుల్ అతుకు, గీజరు కాయిల్ సాధారణంగా దోషులు. ఒక్క ఆంపియరు కరెంటు నిరంతరం భూమిలోకి పోతే 230 వోల్టుల వద్ద అది 230 వాట్లు. రోజుకు ఐదున్నర యూనిట్లు, నెలకు సుమారు 165 యూనిట్లు. ఒక చిన్న కుటుంబం నెల వినియోగానికి ఇది సమానం. పలు మీటర్లలో లీకేజీని సూచించే ప్రత్యేక దీపం సైతం ఉంటుంది, వెలిగినా దాన్ని ఎవరూ గమనించరు.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. లీకేజీ ఉన్న ఇంట్లో తడి చేత్తో కుళాయి ముట్టుకున్నా ప్రాణాపాయమే. మెయిన్ బోర్డు వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకుంటే లీకేజీ జరగగానే సరఫరా ఆగిపోతుంది. దీన్ని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేతనే బిగించాలి. అది మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేవారు ఉన్నారు. అంతకు మించిన పొరపాటు లేదు.

అద్దె ఇళ్లలో మరో చిక్కు ఎదురవుతుంది. ఉమ్మడి బోరు మోటారు, మెట్ల దీపం, గేటు దీపం ఏదో ఒక వాటా మీటరుకు కలిపి ఉంటాయి. ఆ వాటాలో దిగినవారికి ఆ సంగతి తెలియదు. సొంత మెయిన్ కట్టేసి, మోటారు స్విచ్ వేసి చూస్తే విషయం బయటపడుతుంది. మోటారు తిరగకపోతే అది తమ మీటరుపైనే ఉన్నట్లు. అద్దె మాట్లాడుకునే రోజే ఈ పరీక్ష జరిపితే తర్వాత తగవులు ఉండవు.

మోటారు, ఇన్వర్టరు, ఫ్రిజ్

ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది. లోగడ 25 నిమిషాల్లో నిండిన ట్యాంకు ఇప్పుడు 50 నిమిషాలు తీసుకుంటుంటే మోటారు ఖర్చు రెట్టింపైందన్నమాట. వేసవిలో భూగర్భ జలాలు అడుగంటడం ఒక కారణం కాగా, ఫుట్‌వాల్వ్ సరిగా మూసుకోకపోవడం, పైపు అతుకులు కారడం, ఇంపెల్లరు అరగడం మిగతావి. నిండిన ట్యాంకు పొంగి వీధిలోకి పారే నీటిలో సగం కరెంటే. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతుంటే అది నీటి నష్టమనే అనుకుంటారు. ఆ నీటిని పైకి ఎక్కించింది మోటారే కదా!

ఇన్వర్టరు బ్యాటరీ పాతబడితే అది తీసుకున్న కరెంటును దాచుకోలేక వేడిగా వదిలేస్తుంది. కోతలు లేని రోజుల్లోనూ బ్యాటరీ వేడెక్కుతుంటే, డిస్టిల్డ్ వాటరు త్వరత్వరగా తగ్గిపోతుంటే దాని కాలం చెల్లినట్లే. సరఫరా మెరుగుపడి నెలకోసారి కూడా ఇన్వర్టరు అవసరం పడని ఇళ్లలో దాన్ని ఏడాది పొడవునా ప్లగ్గులో ఉంచడం ఎంతవరకు అవసరమో ఆలోచించుకోవాలి.

ఫ్రిజ్ విషయంలో మొదట చూడవలసింది తలుపు చుట్టూ ఉండే రబ్బరు. పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగితే తేలిగ్గా జారి వచ్చిందంటే చల్లదనం బయటకు పోతోందని గుర్తు. గోడకు ఆనించి, పొయ్యి పక్కన, ఎండ పడే చోట ఉంచిన ఫ్రిజ్ ఎక్కువసేపు తిరుగుతుంది. కొత్తది కొనేవారు నక్షత్రాలు లెక్కపెట్టి సరిపెట్టుకోకుండా, లేబుల్‌పై ముద్రించిన ఏడాది యూనిట్ల సంఖ్యను చూడాలి. ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2006లో ఈ లేబుళ్లను ప్రవేశపెట్టింది. ప్రమాణాలను అప్పుడప్పుడు కఠినతరం చేస్తూ వస్తున్నందున పదేళ్ల కిందటి ఐదు నక్షత్రాలు, నేటి ఐదు నక్షత్రాలు ఒకటి కావు.

ఫ్యాన్ల వద్దే ఎక్కువ మిగులు

తెలుగు రాష్ట్రాల ఇళ్లలో ఫ్యాను ఆగేది బహు తక్కువ. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 32 యూనిట్లు. దాదాపు 49 యూనిట్ల తేడా. 200 గీత దగ్గర ఊగిసలాడే కుటుంబానికి ఈ ఒక్క మార్పుతోనే గండం గడుస్తుంది. ధర ఎక్కువన్న మాట నిజమే కాబట్టి అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువ గంటలు తిరిగేదానితో మొదలుపెట్టవచ్చు. పెద్ద డబ్బా లాంటి పాత రెగ్యులేటరు వేగం తగ్గించినా మిగిలే కరెంటు తక్కువే. కొంత ఆ డబ్బాలోనే వేడిగా మారిపోతుంది. దీన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో మార్చడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

దీపాల సంగతి 2015 జనవరిలో ఉజాలా పథకం వచ్చాక చాలావరకు చక్కబడింది. అయినా చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు ఇప్పటికీ వంటగదుల్లో, వరండాల్లో కనిపిస్తాయి. 40 వాట్ల ట్యూబు తన చోక్‌తో కలిపి 55 వాట్ల దాకా తీసుకుంటే, ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లతో సరిపెడుతుంది.

ఏసీ గురించి దాపరికం లేకుండా చెప్పుకోవాలి. టన్నున్నర యంత్రం గంటకు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ వరకు తీసుకుంటుంది. రాత్రి ఆరు గంటలు నడిస్తే రోజు కోటా అక్కడితోనే అయిపోతుంది. అలాంటి ఇల్లు వేసవిలో 200 లోపు ఉండటం దాదాపు అసాధ్యం. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి నక్షత్రాల ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్దే మొదలవుతాయి. 26కు పెంచి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి సరిపోతుంది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగాలి. చలికాలంలో గీజరుదీ ఇదే కథ. 2000 వాట్ల గీజరు అరగంటకు ఒక యూనిట్ తీసుకుంటుంది. బోరు నీటిలోని సున్నం కాయిల్‌పై పేరుకుంటే నీరు కాగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇంట్లో నిత్యం మాట పడే మిక్సీ మాత్రం పాపం నిర్దోషి. 500 వాట్ల మిక్సీ రోజుకు పది నిమిషాలు నడిస్తే నెలకు రెండున్నర యూనిట్లే. ఫోన్ ఛార్జరుకు ఒక యూనిట్ కూడా కాదు.

మీటరుపైనే అనుమానం ఉంటే

ఇన్ని చూసినా లెక్క కుదరకపోతే మీటరు పరీక్ష కోరవచ్చు. నిర్ణీత రుసుము చెల్లించి సెక్షన్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. ఫిర్యాదుకు 1912 నంబరు ఉంది. అక్కడ పరిష్కారం లభించకపోతే 2003 విద్యుత్తు చట్టం కింద ప్రతి పంపిణీ సంస్థ ఏర్పాటు చేసిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆపై విద్యుత్తు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దరఖాస్తుతో పాటు కనీసం పదిహేను రోజుల రీడింగులను తేదీల వారీగా రాసిన కాగితం, తాళం వేసి ఉన్న రోజుల అంకెలు, మెయిన్ కట్టేసినప్పుడు తీసిన మీటరు ఫొటో జతచేస్తే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.