దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులు – శ్రమ పరిమితి

సీఓపీడీ (దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధ జబ్బు), ఉబ్బసం, ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) వంటి జబ్బులున్నవారు నడకకు, మెట్లెక్కడానికి సైతం ఆయాసపడి ఆగిపోయే స్థితే శ్రమ పరిమితి.

సీఓపీడీలో శ్వాసనాళాలు ఇరుకవుతాయి. రోగి వేగంగా ఊపిరి తీసుకున్నప్పుడు పాత గాలి పూర్తిగా బయటికి పోక ఛాతీలో పేరుకుంటుంది. కొత్త గాలికి చోటు చాలదు. ఫైబ్రోసిస్‌లో నడుస్తుండగానే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే కాళ్ల కండరాలు సన్నగిల్లి, చిన్న పనికే ఊపిరి అందదు.

శ్రమ పరిమితిని కొలిచే సులువైన మార్గం 6 నిమిషాల నడక పరీక్ష. సాధారణంగా 30 మీటర్ల చదునైన దారిలో రోగి ఎంత దూరం నడిచాడో చూస్తారు.

ఊపిరి కోసం జనం పడే ఆరాటం హైదరాబాద్‌లో ఏటా మృగశిర కార్తెకు కనిపిస్తుంది. అబిడ్స్‌కు దగ్గర్లోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో ఉబ్బసం మందు పెట్టి వేలాదిమంది చేత మింగిస్తుంది. ఇది 1845 నాటి సంప్రదాయమని ఆ కుటుంబం చెబుతుంది. జనవిజ్ఞాన వేదిక వంటి సైన్స్ ప్రచార సంస్థల అభ్యంతరాల నడుమ ‘చేప మందు’ ‘చేప ప్రసాదం’ అయింది. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు.

ఆధారమున్నది పల్మనరీ రిహాబిలిటేషన్‌కు: నిపుణుల పర్యవేక్షణలో 6 నుంచి 12 వారాల నడక, కండరాల వ్యాయామం, శ్వాస శిక్షణ. ప్రసాదం తీసుకున్నా సరే, డాక్టర్ రాసిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఆపకూడదు.