పక్కింటి పన్ను, మనింటి పన్ను

సన్నీవేల్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, పిల్లల స్కూళ్ళ తర్వాత మాట మళ్ళేది ప్రాపర్టీ టాక్సు మీదకే. డిసెంబరు 10, ఏప్రిల్ 10 గడువులు దగ్గర పడితే మరీను. ఒకే వీధి, ఒకే బిల్డరు కట్టిన ఇళ్ళు, ఒకే ఫైర్ ఇంజను, ఒకే స్కూలు. అయినా పక్కింటి పెద్దాయన కట్టేది మనం కట్టేదాంట్లో తొమ్మిదో వంతో పదో వంతో! చట్టం ముందు అందరూ సమానమేనని రాసుకున్న దేశంలో ఇదెలా చెల్లింది? ఈ ప్రశ్న కోర్టుకెక్కకపోలేదు. ఒకసారి కాదు, చాలాసార్లు ఎక్కింది.

కథ కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి. 1960ల దాకా కాలిఫోర్నియాలో ఇంటి విలువ కట్టే అసెసర్లు సొంత ఇంటివాళ్ళ మీద చూసీ చూడనట్టు ఉండేవారు, వ్యాపారాల మీద ఎక్కువ వేసేవారు. శాన్ ఫ్రాన్సిస్కో అసెసర్ రస్సెల్ వోల్డెన్ లంచాల కేసులో దొరికాక, 1966లో అందరికీ ఒకే కొలత ఉండాలని చట్టం చేశారు. న్యాయంగానే ఉంది కదా! కానీ ఆ సమానత్వం వల్లే సొంత ఇంటివాళ్ళ నెత్తిన పిడుగు పడింది. 1970లలో ఇళ్ళ ధరలు పెరిగేకొద్దీ పన్నూ పెరిగింది. పెన్షను మీద బతికేవాళ్ళు ఇల్లు అమ్ముకోవలసి వస్తుందేమోనని బెంగపడ్డారు. హొవార్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు సంతకాలు సేకరించి ప్రాపొజిషన్ 13 పెట్టించారు. 1978 జూన్ 6న దాదాపు 65 శాతం ఓట్లతో అది గెలిచి రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది.

దాని లెక్క తేలికే. పన్ను ఒక శాతం, ఆపైన ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల బాకీ. పాతవాళ్ళకి 1975 నాటి విలువ, ఏడాదికి పెరిగేది మహా అయితే 2 శాతం. ఇల్లు చేతులు మారితే మాత్రం ఆనాటి ధరే కొత్త విలువ. 1975లో 50,000 డాలర్ల విలువున్న ఇల్లు అనుకోండి. ఏటా 2 శాతం చొప్పున పెంచినా 2005కి పన్ను లెక్కలో 90,600 డాలర్లు దాటదు. అంటే పన్ను తొమ్మిది వందల పైచిలుకు. అలాంటి ఇంటినే 2005లో ఎనిమిది లక్షలకి కొన్నవాడు ఎనిమిది వేలు కట్టాలి. కొత్త నీరు వస్తే పాత నీరు కొట్టుకుపోతుందంటారు మనవాళ్ళు. ఇక్కడ కథ తిరగబడింది.

మొదటి సవాలు ఆ ఏడాదే వచ్చింది. అమడోర్ వ్యాలీ హైస్కూల్ డిస్ట్రిక్ట్ మరికొందరితో కలిసి వేసిన కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1978 సెప్టెంబరులో ప్రాపొజిషన్ 13ని నిలబెట్టింది. కొన్న ధర మీద పన్ను వెయ్యడం అర్థంలేని పనేమీ కాదంది. సమానత్వం విషయంలో చీఫ్ జస్టిస్ రోజ్ బర్డ్ ఒక్కరే ఒప్పుకోలేదు.

పదేళ్ళు గడిచాక 1989లో ఆశ మళ్ళీ చిగురించింది. వెస్ట్ వర్జీనియాలో ఒక కౌంటీ అసెసర్, కొత్తగా చేతులు మారిన బొగ్గు భూములకి కొన్న ధర వేసి, పక్క భూములని పాత విలువ దగ్గరే వదిలేసింది. ఇది కుదరదని అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. ఇంకేం, కాలిఫోర్నియా వంతు వచ్చిందనుకున్నారు. మేసీస్ కంపెనీ ముందు దూకింది, సుప్రీంకోర్టు వింటానంది కూడా. తీరా కొనేవాళ్ళు మండిపడేసరికి 1991లో కేసు వెనక్కి తీసుకుంది.

చివరికి నిలబడింది స్టెఫనీ నార్డ్లింగర్ అనే లాయరు. అంతదాకా అద్దెకున్న ఆవిడ 1988లో లాస్ ఏంజిలిస్ బాల్డ్విన్ హిల్స్‌లో 1,70,000 డాలర్లకి ఇల్లు కొన్నారు. పన్ను 1,701 డాలర్లయింది. అలాంటి ఇళ్ళలోనే 1975 నుంచి ఉన్నవాళ్ళు కట్టేదానికి ఇది సుమారు ఐదు రెట్లు. మాలిబు సముద్రతీరంలో 21 లక్షల డాలర్ల ఇంటికి పడే పన్ను కూడా దాదాపు అంతే!

1992 జూన్ 18న ఎనిమిది మంది జడ్జీలు ఆవిడకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. జస్టిస్ బ్లాక్‌మన్ చెప్పిన కారణాలు రెండు. ఇళ్ళు త్వరత్వరగా చేతులు మారకుండా పేటలు నిలకడగా ఉండాలని రాష్ట్రం కోరుకోవచ్చు. రెండోది ముఖ్యమైనది: కొత్తవాడికి పన్నెంతో ముందే తెలుసు, ఇష్టం లేకపోతే కొనకుండా ఉండొచ్చు. పాతవాడికి ఆ వీలు లేదు. మరి వెస్ట్ వర్జీనియా సంగతో? అక్కడి రాజ్యాంగమే మార్కెట్ విలువ అడిగింది, అసెసర్ సొంత పద్ధతి పెట్టింది. ఇక్కడ పద్ధతిని పెట్టింది ప్రజలే. జస్టిస్ స్టీవెన్స్ ఒక్కరు అడ్డం తిరిగారు. తల్లిదండ్రుల ఇంటితోపాటు పాత పన్ను కూడా పిల్లలకి దక్కడం జమీందారీ హక్కులాంటిదని ఆయన మాటల సారం. నాకు ఆయన వాదనే బలంగా కనిపిస్తుంది.

ఇంటి పన్నులో సమానత్వం మన దేశపు కోర్టులకూ తలనొప్పే. కేరళ ప్రభుత్వం కట్టడం వైశాల్యాన్ని మాత్రమే చూసి పన్నేస్తే, విలువలో తేడా ఉన్నవాటిని ఒకే గాట కట్టారని మన సుప్రీంకోర్టు 1960ల చివర్లో కొట్టేసింది. గుంటూరు సంగతి ఇంకా దగ్గరి పోలిక. అక్కడి పన్ను చెల్లించేవాళ్ళ సంఘం మునిసిపాలిటీతో పోరాడి 1970లో గెలిచింది. ఇంటి పన్నుకి లెక్కేసే అద్దె, అద్దె చట్టం ప్రకారం వచ్చే న్యాయమైన అద్దెని మించకూడదని తీర్పు. బజారు ధర ఎటు పోయినా పాత లెక్క పాత లెక్కే. గుంటూరు ఇంటాయనకీ సన్నీవేల్ పెద్దాయనకీ దొరికింది ఒకే గొడుగు.

1956లో లాక్‌హీడ్ వచ్చిన కాలంలో, పళ్ళతోటలు కొట్టేసి కట్టిన ఇళ్ళలో దిగినవాళ్ళే మన పక్కింటి పెద్దాయనలు. అయితే 1990లలో హెచ్-1 మీద వచ్చి ఇల్లు కొన్న మనవాళ్ళు ఇప్పుడు ఏ పక్షం? నిన్న మొన్న పక్కింట్లో దిగిన కుర్రాడి బిల్లు చూస్తే తెలుస్తుంది. 2020లో వ్యాపార స్థలాలకి మార్కెట్ విలువ వెయ్యాలన్న ప్రాపొజిషన్ 15 కొద్ది తేడాతో ఓడిపోయింది. సొంత ఇళ్ళ జోలికి మాత్రం అది కూడా పోలేదు.

స్టీవెన్స్ తప్పుపట్టిన వారసత్వపు వెసులుబాటు ఒక్కటీ మాత్రం, కోర్టు వల్ల కాదుగానీ ఓటు వల్ల, తగ్గింది. అదే 2020లో గెలిచిన ప్రాపొజిషన్ 19 ప్రకారం 2021 ఫిబ్రవరి 16 నుంచి, అమ్మానాన్నల ఇల్లు వచ్చిన పిల్లలు ఏడాదిలోగా అందులో కాపురం పెడితేనే పాత విలువ దక్కుతుంది, దానికీ పరిమితి ఉంది. అద్దెకిచ్చుకుంటామంటే ఆనాటి మార్కెట్ విలువే. సన్నీవేల్‌లో ఇల్లుండి, పిల్లలు సియాటిల్‌లోనో ఆస్టిన్‌లోనో స్థిరపడినవాళ్ళు ఈ సంగతి ఇప్పుడే వాళ్ళ చెవిన వెయ్యడం మంచిది.