సెయింట్ బ్రియావెల్స్ బాణాలు

ఇంగ్లండ్‌లోని డీన్ అడవి అంచున ఉన్న సెయింట్ బ్రియావెల్స్ కోట 13వ శతాబ్దంలో రాజసేనకు క్రాస్‌బో బాణాలు తయారుచేసిన ముఖ్య కేంద్రం. ఆ అడవిలో ఇనుప ఖనిజం, కొలిమికి బొగ్గు, పుల్లలకు కలప మూడూ దొరికేవి. జాన్ మాలెమోర్ట్ అనే కమ్మరి రోజుకు వంద బాణాల లెక్కన పని సాగించేవాడు. రెక్కలు అమర్చేది వేరే పనివాడు. చరిత్రలో అతనికి దక్కిన చోటు తక్కువే గానీ, బాణం తిన్నగా పోవడం అతని నేర్పు మీదే ఆధారపడేది. మామూలు విల్లుబాణానికి మూడు ఈకలు కడతారు. క్రాస్‌బో బాణం విల్లు బిగించిన దండె మీద ఆనుకుని జారుతుంది కనుక అడుగు రెక్క అడ్డొస్తుంది. అందుకే ఆనాటి బాణాలకు ఎక్కువగా ఇరుపక్కలా రెండే రెక్కలు, ఈకతోనో పలుచని చెక్కతోనో తోలుతోనో చేసినవి, ఉండేవి. తర్వాతి కాలంలో దండెకు గాడి తీసి మూడో రెక్కకు దారి ఇచ్చారు. రెక్కలను 120 డిగ్రీల ఎడంలో, ఒకే వాలులో అతికించేందుకు నేడు బిగింపు చట్రం వాడుతున్నారు.