ఐరిష్ భాషకు తూర్పున వెతికిన పుట్టిల్లు

1772లో డబ్లిన్‌లో వెలువడిన ఒక చిన్న పుస్తకం, ఐరిష్ భాషా కార్తేజ్ నగరంలో మాట్లాడిన ప్యూనిక్ భాషా ఒక తల్లి బిడ్డలేనని వాదించింది. రచయిత చార్లెస్ వాలెన్సీ బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. ఐర్లండ్‌కు ఉద్యోగం మీద వచ్చి అక్కడే ఉండిపోయాడు; ఐరిష్ నేర్చుకున్నాడు గాని అంతంత మాత్రమే. అతని ముఖ్య సాక్ష్యం రోమన్ నాటకకర్త ప్లాటస్ రాసిన ‘పోయెనులుస్’. అందులో హన్నో అనే కార్తేజ్ వాడు తన సొంత భాషలో కొన్ని పంక్తులు పలుకుతాడు. ఆ భాష తెలియని లేఖకులు వందల ఏళ్లు ఎత్తిరాసిన పంక్తులవి, అప్పటికే చెడిపోయి ఉన్నాయి. వాలెన్సీ వాటిని తోచినచోట విరిచి, ఐరిష్ మాటలుగా చదివి, అర్థం కుదిరిందన్నాడు. పదచ్ఛేదంతో ఆడుకునే మన చాటుకవులకు ఈ విద్య కొత్తది కాదు, కాకపోతే వాళ్లు దాన్ని చరిత్ర అనలేదు. మాల్టా భాషనూ ప్యూనిక్ శేషంగా భావించి అతను సాక్ష్యానికి పిలిచాడు. అది నిజానికి అరబిక్ సంతతి.

ఇంత బలహీనమైన వాదం నిలదొక్కుకోవడానికి కారణం భాషలో లేదు, రాజకీయంలో ఉంది. ఐరిష్ వాళ్లు అనాగరికులని ఇంగ్లిష్ రచయితలు అప్పటికే శతాబ్దాలుగా రాస్తూ వచ్చారు. కార్తేజ్ వాళ్ల మూలజాతి, రోమ్ కంటే ముందే అక్షరాలు నేర్చిన ఫినీషియన్లు తమ పూర్వీకులని తేలితే ఆ నింద తిరగబడుతుంది. పైగా తూర్పు మూలం అన్నమాట వాలెన్సీ కల్పించిందీ కాదు. సిథియా నుంచి వచ్చిన ఫేనియస్, ఫరో కూతురు స్కోటా తమ మూలపురుషులని మధ్యయుగపు ఐరిష్ గ్రంథం ‘లెబోర్ గబాలా’ ముందే చెప్పింది. బైబిల్ వంశావళిలో తమకూ ఒక చోటు వెతుక్కున్న సన్యాసుల కల్పన అది. పాత పురాణమే పద్దెనిమిదో శతాబ్దంలో పాండిత్యపు వేషం కట్టింది.

1786లో కలకత్తాలో విలియం జోన్స్ కూడా సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లతో పాటు కెల్టిక్ భాషలనూ ఒకే కుటుంబంలో చేర్చవచ్చని సూచించాడు కదా, మరి వాలెన్సీ దిక్కు సరిగానే చూపాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. వాలెన్సీ కూడా 1797 నాటికి బ్రాహ్మణుల సంస్కృత గ్రంథాలతోనే ఐర్లండ్ ప్రాచీన చరిత్ర రుజువవుతుందని పుస్తకం వేశాడు. కానీ ఫినీషియా పోయి భారతదేశం రావడంతో పద్ధతి మారలేదు, పోలిన మాట దొరికితే చాలన్న ధోరణే సాగింది. అసలు రుజువు పోలికలో ఉండదు, తేడాలోని క్రమంలో ఉంటుంది. సంస్కృతంలో ‘పితృ’, ‘పూర్ణ’, ‘పిబతి’ అన్నచోట ప్రాచీన ఐరిష్‌లో ‘అథిర్’, ‘లాన్’, ‘ఇబిద్’ ఉంటాయి. మూడింటిలోనూ మొదటి ‘ప’ రాలిపోయింది. లాటిన్‌లో చేప ‘పిస్కిస్’ అయితే ఐరిష్‌లో ‘ఇయస్క్’. చెవికి దూరంగా వినిపించే ఈ జతలే బంధుత్వాన్ని పట్టిస్తాయి. ప్రిచర్డ్ 1831లో, పిక్టే 1837లో, బోప్ 1838లో ఈ బంధుత్వాన్ని వాదించి నిలబెట్టారు. ఆ తర్వాత 1853లో యోహాన్ కాస్పర్ త్సోయిస్, వ్యుర్జ్‌బుర్గ్, సాంక్ట్ గాలెన్, మిలాన్ రాతప్రతుల అంచుల్లోని ప్రాచీన ఐరిష్ వివరణల ఆధారంగా లాటిన్‌లో ‘గ్రమాటికా కెల్టికా’ వెలువరించి పునాది గట్టిచేశాడు.

ఇంకో అభ్యంతరం కొంచెం బరువైనదే. ఐరిష్ వాక్యంలో క్రియ ముందు వస్తుంది, విభక్తి మాటలు సర్వనామాలతో అతుక్కుపోతాయి. హీబ్రూ, అరబిక్‌లలోనూ అంతే. దీని మీద 1900లో జాన్ మోరిస్ జోన్స్, బ్రిటన్, ఐర్లండ్ ద్వీపాల్లో పూర్వం ఉన్న ఆఫ్రికా-ఆసియా భాష ప్రభావాన్ని ఊహించాడు. ఆ ఊహ ఇంకా రుజువు కాలేదు. యూరప్ ఖండంలోని కెల్టిక్ భాష గాలిష్ శాసనాల్లో క్రియ ఎప్పుడూ ముందే రాదు కాబట్టి, ఆ వరుస ద్వీపాల్లో తర్వాత స్థిరపడింది కావచ్చు. వాక్యరీతి మారినంత మాత్రాన వంశం మారదు, మాటలు అరువు తెచ్చుకున్నా మారదు. 1816లో మద్రాసులో కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణపు ముందుమాటకు జోడించిన వ్యాఖ్యలో ఎల్లిస్ చూపింది ఇదే. తెలుగు నిండా సంస్కృతపు మాటలున్నా దాని ధాతువులు, కట్టుబడి వేరు. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో రాసిన కాల్డ్వెల్ పుట్టింది ఐర్లండ్‌లోని యాంట్రిమ్‌లో.

వాలెన్సీ చెప్పిన తూర్పు బంధం నిలవలేదు గాని, మరో బంధం మాత్రం వాస్తవంగా ఏర్పడింది. డబ్లిన్ వాడైన విట్లీ స్టోక్స్ 1862లో మద్రాసుకు వచ్చి, తర్వాత కలకత్తాలో చట్టాల ముసాయిదాలు రాస్తూనే ప్రాచీన ఐరిష్ రాతప్రతుల మీద పనిచేశాడు. అతని ‘గోయిడిలికా’ 1866లో కలకత్తాలోనే అచ్చయింది.